సినిమాలో ఆవిడకేం పని?



ఈవేళ మీతో సినిమాల గురించి నాలుగు మాటలు చెబుదామని వచ్చాను. నేను విమర్శకురాలిని కాను. కెమెరా ఎక్కడ పెట్టారో, ఎడిటింగు ఎలా చేశారో చెప్పగల పాండిత్యం నాకు లేదు. కుదిరితే హాల్లో, కుదరకపోతే ఇంట్లో ఓటీటీలో, వారానికో సినిమా చూసే మామూలు గృహిణిని. ఇంట్లో చూసేటప్పుడు కుక్కరు కూతకీ, తలుపు చప్పుడుకీ నాలుగుసార్లు లేవాలి కాబట్టి సగం సినిమా చెవులతోనే చూస్తాననుకోండి.

ఆమధ్య ఒక పెద్ద హీరో సినిమాకి పిల్లల్ని తీసుకుని వెళ్ళాం. పేరెందుకు లెండి. తిరిగి వస్తూంటే ఆటోలో మా చిన్నవాడు, "అమ్మా, హీరో వాళ్ళమ్మ ఏం పని చేస్తుంది?" అని అడిగాడు. ఎంత ఆలోచించినా నాకు జవాబు దొరకలేదు. ఆవిడ మొదట్లో కొడుక్కి అన్నం వడ్డించింది, మధ్యలో ఏడ్చింది, చివర్లో కొడుకును కావలించుకుంది. "ఏం లేదురా, ఇంట్లోనే ఉంటుంది" అనేశాను. "నీలాగానా?" అన్నాడు వాడు. వాడి మాటలో వెటకారం ఏమీ లేదు. కాని ఆ "ఏం లేదు" అన్న ముక్క నా నోట్లోంచే వచ్చిందే అని ఆ రాత్రి చాలాసేపు బాధపడ్డాను.

అప్పట్నించీ ఏ సినిమా చూసినా, అది ఏడిపించేదైనా, నవ్వించేదైనా, దయ్యాలదైనా, నాకు నేను ఒక ప్రశ్న వేసుకోవడం అలవాటైపోయింది. ఈ కథలో ఆవిడకేం పని? అంటే ఆవిడకు ఉద్యోగం ఉందా లేదా అని కాదు. పొద్దున లేచింది మొదలు ఆవిడ ఏం చేస్తుందో ఈ కథ రాసినవాళ్ళకి తెలుసా, ఆవిడ లేకపోతే కథ నడుస్తుందా, ఆగిపోతుందా అని. 2018 నుంచి ఇటు వచ్చిన కొన్ని తెలుగు సినిమాల్ని ఈ ప్రశ్నతో చూస్తే నాకు తోచిన సంగతులు చెబుతాను.

మొదట చెప్పవలసింది 'మల్లేశం' గురించి. 2019లో వచ్చింది. రాజ్ రాచకొండ తీశారు. చింతకింది మల్లేశంగారి జీవితకథ అది. ఆయన సినిమా కోసం కల్పించిన మనిషి కాదు, ఆలేరు దగ్గర శారాజీపేట గ్రామంలో పుట్టిన చేనేత కుటుంబీకుడు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆయన చేసిన పనేమిటంటే, ఆసు పోసే యంత్రం కనిపెట్టడం.

మనలో చాలామందికి బీరువాలో ఒక్క పోచంపల్లి చీరైనా ఉంటుంది. పెళ్ళిళ్ళకి కట్టుకుంటాం, రంగు బాగుందంటాం, బేరం కూడా ఆడతాం. కాని ఆ చీర మగ్గం ఎక్కడానికి ముందు జరిగే పని సంగతి ఈ సినిమా చూసేదాకా, చెప్పొద్దూ, నాకు తెలియనే తెలియదు. ఆ చీరల్లో నేతకు ముందే దారానికి ముడులు వేసి రంగులద్దుతారు. అలా రంగులద్దాలంటే ముందు దారాన్ని ఒక వరుసలో సాగదీసి పెట్టాలి. ఒకపక్క ఒక మేకు, ఎదురుగా అర్ధచంద్రాకారంలో మేకుల వరుస. చేత్తో దారం పట్టుకుని ఇటు మేకు నుంచి అటు మేకుకి, అటునుంచి మళ్ళీ ఇటుకి తిప్పుతూ పోవాలి. దాన్నే ఆసు పోయడం అంటారు. ఒక్క చీరకి చెయ్యి సుమారు 9,000 సార్లు అటూ ఇటూ ఆడాలి. నాలుగైదు గంటల పని. రోజుకు రెండు చీరలకు పోస్తే 18,000 సార్లు. ఈ పని చేసేది ఇంటి ఆడవాళ్ళు. మగ్గం మీద కూర్చునే మగవాడిని నేతగాడంటారు గాని, ఆసు పోసే ఆవిడకు ప్రత్యేకంగా పేరేమీ లేదు చూశారూ!

మల్లేశంగారి తల్లి లక్ష్మిగారు ఆ పని చేసి చేసి భుజం నొప్పితో చెయ్యి ఎత్తలేని స్థితికి వచ్చారు. అది చూడలేకనే ఆయన యంత్రం చెయ్యాలని బయల్దేరారు. చదువు ఆరో తరగతితో ఆగిపోయినవాడు, అప్పులు చేసి, ఊళ్ళో వాళ్ళచేత పిచ్చివాడనిపించుకుని, సంవత్సరాల తరబడి తంటాలు పడి 1999లో దాన్ని పూర్తిచేశారు. తల్లి పేరే పెట్టి లక్ష్మీ ఆసు యంత్రమన్నారు.

సినిమాలో తల్లిగా ఝాన్సీగారు వేశారు. ఆవిడ ఆసు ముందు కూర్చున్న దృశ్యాలు మళ్ళీ మళ్ళీ వస్తాయి. పాట లేకుండా, పెద్ద డైలాగు లేకుండా, అటూ ఇటూ, అటూ ఇటూ ఆ చెయ్యి ఆడుతూనే ఉంటుంది. చూస్తూంటే మన భుజం లాగుతుంది. పెద్దింటి అశోక్‌కుమార్‌గారు రాసిన సంభాషణలు అచ్చం తెలంగాణ ఇళ్ళల్లో మాటల్లాగే ఉన్నాయి. మల్లేశంగా ప్రియదర్శి, భార్య పద్మగా అనన్య నాగళ్ళ బాగా చేశారు. లోపాలు లేవా అంటే ఉన్నాయి. రెండో సగం సాగుతుంది, కష్టాలన్నీ ఒకదాని వెంట ఒకటి వరుసకట్టి వస్తాయి. అయినా ఒక ఆడమనిషి చేసే పనిని ఇంత లెక్కగా, ఇంత ఓపిగ్గా చూపించిన తెలుగు సినిమా నేను మరొకటి చూడలేదు. ఇది జనం విరగబడి చూసిన సినిమా కాదు. మీరు చూడకపోతే తప్పక చూడండి. చూశాక బీరువాలో చీర తీసి ఒకసారి చేత్తో తడుముతారు.

జీవితకథలంటే అందరికీ ముందు గుర్తొచ్చేది 2018లో వచ్చిన 'మహానటి'. నాగ్ అశ్విన్ దర్శకుడు. సావిత్రిగా వేసిన కీర్తి సురేశ్‌కి జాతీయ ఉత్తమ నటి బహుమతి, చిత్రానికి ఉత్తమ తెలుగు చిత్రం బహుమతి, దుస్తులు రూపొందించిన వాళ్ళకి ఇంకో బహుమతి వచ్చాయి. ఆ చీరలూ, ఆ జాకెట్లూ, ఆ జడలూ చూడడానికే రెండోసారి వెళ్ళినవాళ్ళు మా వీధిలో ఉన్నారు. నాకూ నచ్చింది. కాని నా ప్రశ్న ఇక్కడా వేసుకుంటే కొంచెం వెలితి తోచింది. సావిత్రిగారి ప్రేమ, పెళ్ళి, మోసపోవడం, తాగుడు, అన్నీ వివరంగా ఉన్నాయి. ఆవిడ పని చేసే మనిషిగా కనబడే చోట్లే తక్కువ. ఆవిడ 1968లో 'చిన్నారి పాపలు' చిత్రానికి దర్శకత్వం వహించారు. ఆ రోజుల్లో ఒక ఆడమనిషి మెగాఫోను పట్టుకుని సెట్టు మీద నిలబడిందంటే మాటలా? ఆ నిలబడిన రోజు ఎలా ఉండిందో నాకు చూడాలనిపించింది. మనవాళ్ళకి ఆడదాని కన్నీళ్ళ మీద ఉన్న శ్రద్ధ ఆవిడ పని మీద ఉండదేమో!

ఇక కుటుంబ చిత్రాలు. ఈ పేరుతో వచ్చేవాటిలో కుటుంబం అంటే పెద్ద హాలు, మెట్లు, పాతికమంది జనం, ఒక భోజనాల బల్ల. వంటిల్లు మాత్రం కనపడదు. అంతమందికీ ఎవరు వండారో ఆ భగవంతుడికే తెలియాలి. ఈ రకానికి భిన్నంగా 2024లో '35 చిన్న కథ కాదు' వచ్చింది. దర్శకుడు నందకిశోర్ ఈమాని. తిరుపతిలో ఒక చిన్న ఇల్లు. తల్లి సరస్వతి పదోతరగతి తప్పిన మనిషి. పెద్దకొడుకు అరుణ్‌కి లెక్కలంటే తలకెక్కదు. వాడు మొద్దు కాదు, వాడి సందేహం వేరు. సున్నాకి విలువ లేదంటారు, మరి అదే సున్నా ఒకటి పక్కన చేరితే తొమ్మిదికంటే ఎలా పెద్దదయింది అంటాడు. మేష్టారు జవాబు చెప్పకపోగా వాణ్ణి 'జీరో' అని పిలుస్తాడు. పాసు కావడానికి 35 మార్కులు రావాలి. అప్పుడు తల్లి తను వదిలేసిన లెక్కల పుస్తకం మళ్ళీ పట్టుకుంటుంది.

పిల్లలకి చదువు చెప్పే అవస్థ పడని తల్లి మనలో ఎవరున్నారు? ఆ పుస్తకం తెరవగానే మనకే చెమటలు పడతాయి. ఇప్పుడు లెక్కలు చెప్పే పద్ధతి కూడా వేరు. మనకు వచ్చినట్టు చెబితే "మా టీచరు అలా చెప్పలేదు" అంటారు. పొయ్యిమీద పప్పు, ఒళ్ళో భిన్నాలు. నివేదా థామస్ ఆ అవస్థని ఎక్కడా అతి చెయ్యకుండా చేసింది. ఆ ఏటి ఉత్తమ నటిగా తెలంగాణ ప్రభుత్వంవారి గద్దర్ పురస్కారం కూడా అందుకుంది. పిల్లలు అక్కడక్కడ వయసుకు మించిన మాటలు మాట్లాడతారు, ఆ ఒక్కటీ నాకు నప్పలేదు. మొగుడూ పెళ్ళాల మధ్య పట్టింపు మాత్రం సహజంగా వచ్చింది. చదువుకోని పెళ్ళాం చదువుతానంటే మంచి మొగుడు కూడా ఎక్కడ నొచ్చుకుంటాడో ఈ సినిమాకు తెలుసు.

దీని పక్కన 'జెర్సీ'ని పెట్టి చూడండి. అదీ 2019 చిత్రమే, గౌతమ్ తిన్ననూరి తీశారు, దానికీ ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ బహుమతి వచ్చింది. క్రికెట్ మానేసిన అర్జున్ ముప్ఫయ్యారేళ్ళ వయసులో మళ్ళీ బ్యాటు పడతాడు. నాని నటన గురించి చెప్పక్కర్లేదు. రైల్వే స్టేషన్లో రైలు వెళ్ళేటప్పుడు అతను సంతోషంతో అరిచే దృశ్యానికి హాల్లో మగవాళ్ళు కూడా కళ్ళు తుడుచుకున్నారు. నేనూ తుడుచుకున్నాను. ఇంటికొచ్చి కందిపప్పు కడుగుతూంటే మాత్రం సారా గుర్తొచ్చింది. అతని భార్య. హోటల్లో ఉద్యోగం చేసి ఇల్లు నడిపేది ఆవిడ. కొడుకు జెర్సీ అడిగాడు, ఐదువందలు. మొగుడు అడిగితే ఆవిడ ఇవ్వనంది. అప్పుడు హాల్లో నా వెనక ఎవరో "ఏం పెళ్ళామండీ" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. అద్దె కట్టేది ఎవరు? కరెంటు బిల్లు ఎవరిది? ఆ నెలలో ఇంకా ఎన్ని రోజులు మిగిలాయో వేళ్ళమీద లెక్కపెట్టుకునే మనిషి ఐదువందలంటే ఉలిక్కిపడదా? శ్రద్ధా శ్రీనాథ్ ఆ ఉలికిపాటు ముఖంలో చూపించింది. దర్శకుడు కూడా ఆవిణ్ణి గయ్యాళిని చెయ్యలేదు, అంతవరకు మెచ్చుకోవాలి. కాని చప్పట్లు కొట్టే వేళకి ఆ జీతం సంగతి అందరం మరిచిపోతాం.

ఈ మాట అంటే మా ఎదురింటి పిన్నిగారు నన్ను కోప్పడ్డారు. "మూడు గంటలు ఇల్లు మరిచిపోదామనే కదే సినిమాకి పోతాం. అక్కడా అద్దె, కరెంటు బిల్లు, పప్పు కడగడమేనా?" అన్నారు. ఆవిడ మాటా సబబే. అందుకే ఆర్‌ఆర్‌ఆర్ చూసేటప్పుడు నా ప్రశ్నను చెప్పులతోపాటు బయటే వదిలేశాను. 2022లో వచ్చిన ఆ రాజమౌళి చిత్రం కథ చెప్పక్కర్లేదు. అల్లూరి, కొమురం భీం కలిసి ఉంటే ఎలా ఉండేదన్న ఊహ అది, చరిత్ర కాదు. 'నాటు నాటు' పాటకి కీరవాణిగారికీ, చంద్రబోస్‌గారికీ 2023లో ఆస్కారు వచ్చిన రోజున మా అపార్టుమెంటులో మిఠాయిలు పంచుకున్నాం. పులులూ, మంటలూ, ఎగిరే మోటారు సైకిళ్ళూ, అన్నీ కళ్ళార్పకుండా చూశాను. అటువంటి చిత్రంలో వంటిల్లు వెతకడం తెలివితక్కువ. అయినా గమనించండి, అంత పెద్ద యుద్ధానికి మొదలు ఒక తల్లి. పిల్ల పాట పాడితే దొరసాని నాణేలు విసురుతుంది. పాట బాగుందని ఇచ్చిందనుకుంటుంది ఆ గోండు తల్లి. తన పిల్లకి కట్టిన వెల అది అని తెలియగానే కారుకి అడ్డం పడుతుంది. తూటా ఖరీదు ఎక్కువని కర్రతో కొడతారు ఆవిణ్ణి. ఆ ఒక్క దృశ్యం లేకపోతే తరవాత మూడు గంటల వీరంగానికి అర్థం లేదు. ఇక రాముణ్ణి ప్రేమించే సీత ఉంది. ఆవిడ ఎదురు చూడడం తప్ప పెద్దగా చేసిందేమీ లేదు. సరే, ప్రశ్న బయట వదిలానని చెప్పాను కదా!

నవ్వించే సినిమాల సంగతి వేరు. వాటిలో ఆడవాళ్ళని తెలివైనవాళ్ళుగా చూపిస్తారు, అదే చిక్కు. మగవాళ్ళు ముగ్గురూ వెర్రిపనులు చేస్తూంటే హీరోయిన్ ఒక పక్కన నిలబడి కనుబొమలు ఎగరేస్తుంది. నవ్వించే అవకాశం ఆవిడకు ఇవ్వరు. 2021లో వచ్చిన అనుదీప్ చిత్రం 'జాతిరత్నాలు'లో ఫరియా అబ్దుల్లా వేసిన చిట్టి అలా కాదు. జోగిపేట నుంచి వచ్చిన ఆ ముగ్గురికంటే ఆవిడేమీ తక్కువ వెర్రిది కాదు. కోర్టులో వాదించడానికి లేచిందంటే బ్రహ్మానందంగారు జడ్జి కుర్చీలో కూర్చుని తల పట్టుకోవలసిందే. కథలో పట్టులేదని చాలామంది అన్నారు. నిజమే, పట్టు లేదు. నేను మాత్రం కడుపు పట్టుకుని నవ్వాను. సావిత్రి, రమాప్రభ, గిరిజ నవ్వించిన భాషలో ఆడపిల్లకి మళ్ళీ వెర్రితనం చేసే హక్కు వచ్చిందని సంతోషించాను కూడా.

దయ్యాల సినిమాలంటే నాకు భయం, అయినా చూస్తాను. 'మసూద' 2022లో వచ్చింది. సాయికిరణ్ తీశారు. మామూలుగా ఈ రకంలో ఆడది రెండు పనులే చేస్తుంది, దయ్యం కావడం, లేకపోతే కేకలు వెయ్యడం. ఇందులో నీలం సైన్సు టీచరు. భర్త నుంచి వేరుపడి, కూతురితో అపార్టుమెంటులో ఉంటుంది. సంగీత ఆ పాత్ర వేసింది. ఒక రాత్రి కూతురు తన కూతురిలా ప్రవర్తించదు. ఇరుగుపొరుగుకి చెబితే నవ్వుతారు, చెప్పకపోతే తన వల్ల కాదు. పక్కవాటాలో ఉండే గోపి అనే అబ్బాయి తలుపు తడుతుంది. అతనా, తన నీడకే భయపడే మనిషి! ఆ తలుపు తట్టడంలో ఉన్న భయం నాకు దయ్యంకంటే ఎక్కువ తగిలింది. ఒంటరిగా పిల్లను పెంచే ఆవిడకు అర్ధరాత్రి సాయం కావలసివస్తే ఎవరి తలుపు తడుతుంది, తట్టాక ఆ వీధి ఏమనుకుంటుంది? తరవాత కథ గోపి చేతిలోకి వెళ్ళిపోయి, నెత్తురు కొంచెం ఎక్కువైంది. గుండె జబ్బువాళ్ళు, చిన్నపిల్లలు చూడకూడదు.

'బలగం' గురించి మీకందరికీ తెలుసు. కమెడియన్‌గా మనకు తెలిసిన వేణు యెల్దండి తీసిన మొదటి సినిమా, 2023. తాత చనిపోతాడు, కాకి పిండం ముట్టదు. తెలంగాణ పల్లెల్లో తెరలు కట్టుకుని ఊరంతా కూర్చుని చూశారు. విడిపోయిన అన్నదమ్ములు కలుసుకున్నారనీ చెప్పుకున్నారు. నేను చెప్పదలచింది ఒక్క ముక్కే. ఆ ఇంట్లో ఇరవయ్యేళ్ళ పగకి కారణం నల్లిబొక్క. విందులో అల్లుడి విస్తట్లో అది పడలేదు. మగవాళ్ళు మాటా మాటా అనుకున్నారు. దాని ఫలితం అనుభవించింది ఎవరు? ఆడపడుచు లక్ష్మి. ఇరవయ్యేళ్ళు పుట్టింటి గడప తొక్కలేదు. ఆవిడతో ఎవరూ గొడవ పడలేదు, ఆవిడను ఎవరూ అడగనూ లేదు. చివర్లో బుర్రకథ పాడే కొమురమ్మ, మొగిలయ్య గొంతులు వినపడినప్పుడు నేను తాత కోసం ఏడవలేదు, ఆవిడ కోసం ఏడ్చాను. పండగకి పుట్టింటికి వెళ్ళడం ఎవరి ఇష్టం మీద ఆధారపడి ఉందో తెలిసినవాళ్ళకి ఈ మాట వివరించక్కర్లేదు.

చివరగా 'కోర్ట్'. 2025 మార్చిలో వచ్చింది. రామ్ జగదీశ్ దర్శకుడు. 2013లో విశాఖపట్నంలో జరిగినట్టు చెప్పిన కథ. పంతొమ్మిదేళ్ళ చందు, పదిహేడేళ్ళ జాబిలి ఇష్టపడతారు. ఇంటి పరువు తన నెత్తిమీద ఉందనుకునే మంగపతి మామయ్య ఆ కుర్రాడి మీద పోక్సో చట్టం కింద కేసు పెట్టిస్తాడు. శివాజీ ఆ పాత్రలో నిజంగా భయపెట్టాడు. పోక్సో 2012లో వచ్చిన చట్టం. పద్దెనిమిదేళ్ళు నిండనివాళ్ళందరినీ పిల్లలుగానే చూస్తుంది, వాళ్ళ ఇష్టంతో చట్టానికి నిమిత్తం లేదు. పిల్లల్ని కాపాడడానికి చేసిన మంచి చట్టమే. దాన్ని పగ తీర్చుకోవడానికి వాడితే ఏమవుతుందో ఈ చిత్రం చూపిస్తుంది. కోర్టు దృశ్యాల్లో కొంత ఉపన్యాసం ఉంది, అది ఉండేదే. జాబిలి తల్లిగా రోహిణిగారు వేశారు. నా ప్రశ్నకి ఇక్కడ దొరికిన జవాబు నన్ను కలవరపెట్టింది. కూతురి సంగతి అందరికంటే ఎక్కువ తెలిసింది ఆవిడకే, ఆ ఇంట్లో మాట్లాడే చోటు లేనిదీ ఆవిడకే.

మా పెద్దమ్మాయికి పదహారు. దాన్ని పక్కన కూర్చోబెట్టుకునే చూశాను. సినిమా అయిపోయాక అది, "ఈ చట్టం సంగతి నీకు ముందే తెలుసా అమ్మా?" అని అడిగింది. పేరు తెలుసు, వయసు సంగతీ తెలుసు, మిగిలింది తెలియదన్నాను. మర్నాడు వాళ్ళ నాన్న ఆఫీసుకి వెళ్ళాక ఇద్దరం కూర్చుని చదివి తెలుసుకున్నాం. కొన్ని అర్థమయ్యాయి, కొన్ని కాలేదు. దానికి ఇంకా రెండు మూడు సందేహాలు ఉన్నాయట. ఆదివారం మళ్ళీ వేసుకుని చూద్దామంటోంది.